నొప్పికో గది, భయానికో గది



ఈ పూట రెండు బాధల గురించి మాట్లాడుకుందాం. ఒకటి, నెలలు గడిచినా వదలని ఒంటి నొప్పి. రెండోది, ఎప్పుడో జరిగిపోయిన ఘోరం ఇప్పుడే జరుగుతున్నట్టు మనిషిని పట్టి పీడించే భయం. ఆసుపత్రిలో ఈ రెండింటికీ వేర్వేరు గదులుంటాయి, వేర్వేరు డాక్టర్లుంటారు. మనిషి మాత్రం ఒక్కడే. ఈ రెండూ ఒకే మనిషిలో చేరినప్పుడు దేనికది విడిగా మందిస్తే రెండూ మొండికేస్తాయి. కలిపి చూస్తే రెండూ తగ్గుముఖం పడతాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, చర్ల అడవి దాకా ఉన్న మన ప్రాంతాన్ని ముందు పెట్టుకుని చెబుతాను.

ముందు ఇక్కడి ఒంటి కష్టం చూడండి. సంక్రాంతి దాటిందంటే గోదావరి ఒడ్డున మిరప కోతలు. పొద్దున వంగిన నడుము పొద్దుగూకేదాకా లేవదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే చెట్ల కింద కూర్చుని ఇప్పపువ్వు ఏరుకోవడం. ఆ వెంటనే తునికాకు. ఒక్కో ఆకూ కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి, ఎండలో మోసుకొచ్చి కల్లంలో అప్పజెప్పాలి. వంటచెరకు మోపులు, నీళ్ల బిందెలు సరేసరి. ఇటు ఇల్లెందు, కొత్తగూడెం వైపు బొగ్గు పని. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. అంటే నాలుగైదు తరాల మోకాళ్లు, భుజాలు, నడుములు ఆ పనిలో అరిగాయి.

ఇక భయాల సంగతి. 2005 జూన్‌లో పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలైంది. ఒకవైపు జుడుం దళాలు, భద్రతా బలగాలు, మరోవైపు మావోయిస్టులు. నడుమ నలిగిన ఊళ్ల నుంచి వేలమంది ఆదివాసులు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. మనం గొత్తికోయలు అని పిలిచేది వాళ్లనే. తగలబడిన ఇంటిని, చనిపోయిన తోబుట్టువును కళ్లారా చూసి వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది గానీ, ఆ రాత్రులు మనుషుల మనసుల్లోంచి పోలేదు. సరిహద్దు గుట్టల్లో పాతిపెట్టిన మందుపాతరల మీద కాలు పడి కాళ్లు పోగొట్టుకున్నవారిలో జవాన్లూ ఉన్నారు, వెదురుకో ఆకుకో పోయిన పల్లె జనమూ ఉన్నారు.

అడవి లోపలే కాదు, ఏటి ఒడ్డునా భయం ఉంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులై 16న 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారంటే, ఆ పైన ఎంత నీరు ఊళ్లను ముంచిందో ఊహించుకోండి. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం పట్నంలోకే వచ్చింది. నీళ్లు తీసిన తర్వాత ఇళ్లు కడుక్కున్నాం, బురద ఎత్తిపోశాం. నిద్రలో మాత్రం ఇప్పటికీ నీళ్లు వస్తూనే ఉన్నవాళ్లున్నారు.

మూడు నెలలు దాటినా పోని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ముల్లు గుచ్చుకుంటే నొప్పి పుట్టడం మన మంచికే. కాలు తీసెయ్ అని చెప్పడమే దాని పని. ముల్లు తీసేసి, పుండు మానిపోయి, ఏడాది గడిచినా నొప్పి ఉంటే? అప్పుడు అడగాల్సింది పుండు గురించి కాదు, నరాల గురించి, మెదడు గురించి. చేనుకు ఒకసారి దొంగ వచ్చి పోయాక కాపలా కుక్క ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ తర్వాత ఆకు కదిలినా మొరుగుతుంది, యజమాని వచ్చినా మొరుగుతుంది. కుక్క అబద్ధమాడటం లేదు, దాని కాపలా మితిమీరింది అంతే. వెన్నుపాములోని నాడీకణాలు ఇలాగే మితిమీరి స్పందించడం నేర్చుకుంటాయని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ చూపించాడు. అంతకుముందే, 1965లో, రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సంగతి ప్రతిపాదించారు. వెన్నుపాములో నొప్పికి ఒక తలుపు లాంటిది ఉందని, పై నుంచి మెదడు పంపే కబుర్లు కూడా దాన్ని తెరుస్తాయి, మూస్తాయని వాళ్లన్నారు. దిగులు, భయం, నిద్రలేమి ఆ తలుపు తెరిచేవి. ధైర్యం, ఒంటికి తగిన కదలిక, అయినవాళ్ల తోడు దాన్ని దగ్గరికి వేసేవి. ఆ సిద్ధాంతానికి తర్వాత చాలా సవరణలు వచ్చాయి. మనసు నొప్పిని పెంచగలదు, తగ్గించగలదు అన్న మూల విషయం మాత్రం నిలబడింది.

దీన్ని ‘అంతా నీ మనసులోనే ఉంది’ అని అర్థం చేసుకోకండి. ఆ మాట ఎవరన్నా తప్పే. నొప్పి నిజం. అది ఎక్కడ తయారై ఎలా పెరుగుతోందన్నదే ప్రశ్న.

నొప్పి శాస్త్రంలో మన ఖమ్మం మిరపకాయకూ చోటుంది. తేజ మిర్చి కోసిన చేతులు రాత్రంతా మండుతాయి కదా. అక్కడ నిప్పూ లేదు, కాలిన గాయమూ లేదు. మరి మంటెందుకు? మిరపలోని క్యాప్సైసిన్, వేడిని కనిపెట్టడానికి నరాల చివర ఉండే ఒక గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. చెయ్యి కాలుతోందని మెదడుకు కబురు వెళ్తుంది. ఆ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్, 2021లో ఆర్డెమ్ పటపౌటియన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. గాయం లేకుండా నొప్పి ఉండగలదనడానికి మిరప తోటలో కూలికి పోయే ఎవరైనా సాక్ష్యమే. అదే క్యాప్సైసిన్‌ను తగిన మోతాదులో పట్టీగానో పూతగానో తయారుచేసి నరాల నొప్పికి వాడుతున్నారు. అది విని ఇంట్లో కారం రాసుకోకండి, చర్మం బొబ్బలెక్కుతుంది.

ఇప్పుడు రెండో బాధ. ఘోరమైన సంఘటన తర్వాత కొన్నాళ్లు భయం ఉండటం సహజం. ఎక్కువమందికి అది మెల్లగా దానంతట అదే సర్దుకుంటుంది. కొందరికి నెల దాటినా పోదు. ఆ దృశ్యం కళ్లముందుకు వస్తుంది. పీడకలలు వస్తాయి. ఆ చోటుకు పోబుద్ధి కాదు, ఆ మాట ఎత్తబుద్ధి కాదు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపాటు, ఊరకే కోపం, గుండె దడ. వైద్యులు దీన్ని పీటీఎస్‌డీ అంటారు. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో ఈ పేరు చేరింది, అదీ ముఖ్యంగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గోడు వల్ల. యుద్ధానికి పోనివాళ్లకూ వస్తుంది. వరదలో చిక్కినవాళ్లకు, రోడ్డు ప్రమాదంలో బతికి బయటపడ్డవాళ్లకు, ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లకు, గనిలో పైకప్పు కూలడం చూసిన కార్మికుడికి, మందుపాతర పేలినచోట పక్కనే ఉన్న జవానుకు రావచ్చు.

మన దగ్గర ఈ బాధతో వచ్చేవాళ్లు ‘భయంగా ఉంది డాక్టరుగారూ’ అని చెప్పరు. ఒళ్లంతా గుంజుతోందంటారు. తలపోటు, నడుం పట్టేసింది, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, ఛాతీలో బరువుగా ఉంది అంటారు. భయం చెప్పుకుంటే పిరికివాడంటారు, పిచ్చంటారు. నొప్పికి ఆ నింద లేదు. అందుకని భయం కూడా నొప్పి చీటీ మీదే ఆసుపత్రికి వస్తుంది.

ఈ రెండూ ఒకదాన్నొకటి ఎలా పోషిస్తాయో 2001లో టిమొతీ షార్ప్, అల్లిసన్ హార్వీ అనే పరిశోధకులు వివరించారు. కాలు పోయిన మనిషికి కాలి నొప్పి వచ్చినప్పుడల్లా పేలుడు గుర్తొస్తుంది. పేలుడు గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు బిగుసుకుని నొప్పి పెరుగుతుంది. నొప్పికి భయపడి కదలడు. కదలక కండలు సన్నబడతాయి. సన్నబడ్డ కండలకు చిన్న పనికే నొప్పి. రాత్రి నిద్ర లేదు, పొద్దున ఓపిక లేదు, ఓపిక లేనప్పుడు చిన్న మాటకే కోపం, కోపం వల్ల ఇంట్లో గొడవ, గొడవ వల్ల మళ్లీ ఒంటరితనం. ఇందులో మొదలేదో చివరేదో తేల్చడం కష్టం. ఎక్కడో ఒకచోట పట్టుకుని తెంపాలి. రెండు మూడు చోట్ల ఒకేసారి తెంపితే ఇంకా మంచిది. కలిపి చేసే వైద్యం అన్నది అందుకే.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఒక అక్కను ఊహించుకుందాం. బూర్గంపాడు వైపు ఊరు. నలభై ఏళ్లుంటాయి. నడుము నొప్పి. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది. రెండు రోజులు హాయి, మూడో రోజు మళ్లీ మామూలే. నీరసమంటే సెలైన్ బాటిల్. మందుల షాపులో రంగు బిళ్లలు, వాటిలో ఏముందో ఇచ్చినవాడికీ తెలియదు. స్టెరాయిడ్ కలిస్తే మొహం ఉబ్బుతుంది, షుగరు లేస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ తర్వాత ఖమ్మం పోయి స్కానింగ్. అందులో డిస్కు కాస్త జారిందని వస్తుంది. నిజానికి ఆ వయసు దాటాక ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగుల్లో కూడా అలాంటివి చాలానే కనిపిస్తాయి. కానీ ఆ కాగితం చూశాక ఆమెకు కొత్త భయం పట్టుకుంటుంది, ‘నా వెన్ను విరిగింది’ అని. నిద్ర పట్టడం లేదంటే ఇంకెవరో నిద్రబిళ్లలు రాస్తారు. అప్పు మాత్రం నిజంగానే పెరుగుతుంది.

ఇన్నిచోట్ల తిరిగినా ఆమెను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. అడిగితే ఎలా ఉంటుందో చూడండి. ఉపకేంద్రంలో ఏఎన్ఎం అమ్మ అడిగిందనుకుందాం.

“అక్కా, రాత్రి నిద్ర పడుతోందా?”

“యాడ నిద్రమ్మా. రేకుల మీద వాన చప్పుడైతే చాలు, లేచి కూసుంటా. పిల్లలున్నారో లేరో చీకట్లో తడుముకుంటా.”

“ఎప్పటి నుంచి?”

“నీళ్లు ఇంట్లకు వచ్చిన కాడి నుంచి.”

“మరి నడుము నొప్పో?”

“అదీ అప్పటి నుంచే. సామాన్లు మోసినందుకు వచ్చిందనుకున్నా.”

అంతే. సూదులు, స్కానింగులు బయటపెట్టలేని సంగతి నాలుగు మాటల్లో బయటపడింది. ఇక వైద్యం దారి మారాలి.

మారేముందు ఒక హెచ్చరిక. భయం కనపడింది కదా అని నొప్పిని భయం ఖాతాలో రాసి చేతులు దులుపుకోకూడదు. మన ప్రాంతంలో మూడు సంగతులు తప్పనిసరిగా చూడాలి. మొదటిది సికిల్ సెల్ అనే రక్త జబ్బు. ఎముకల్లో, కీళ్లల్లో భరించలేని నొప్పులు వచ్చిపోతుంటే, ముఖ్యంగా ఆదివాసి కుటుంబాల పిల్లల్లో, యువకుల్లో, రక్తపరీక్ష చేయించాలి. 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని 2023 జులైలో కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. రెండోది వెన్ను క్షయ. నడుము నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే దాన్ని మామూలు నొప్పి అనుకోవద్దు. మూడోది నరం నొక్కుకుపోవడం. కాళ్లలో బలం తగ్గినా, మల మూత్రాలు అదుపు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేవని తేలాకే మిగతా మాట.

కలిపి చేసే వైద్యం అనగానే కొందరు అన్ని రకాల మందులూ ఒకేసారి మింగడం అనుకుంటారు. ఇంగ్లిష్ బిళ్లలు, లేహ్యం, పసరు, తాయెత్తు అన్నీ కలిపితే వచ్చేది వైద్యం కాదు, ప్రమాదం. ఒకే మనిషికి ఒకే పథకం, అందులో నిరూపణ ఉన్న పద్ధతులు, పథకంలో ఉన్న వైద్య సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం. కలిపి చేయడమంటే ఇదీ.

ఆ పథకంలో మొదటిది కదలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్‌లో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. 2020లో ప్రపంచంలో దాదాపు 62 కోట్లమందికి నడుము నొప్పి ఉందని ఆ సంస్థ లెక్క. వాళ్లు మేలన్నవి వ్యాయామం, నొప్పి గురించి సరైన అవగాహన, మర్దన లాంటి కొన్ని చేతి చికిత్సలు, ఆలోచనలను ప్రవర్తనను మార్చే మానసిక చికిత్స, అవసరమైతే కొన్ని నొప్పి మందులు. మామూలుగా వద్దన్నవి నడుముకు కట్టే బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్, నల్లమందు జాతి మందులు. మన దగ్గర జరిగేదానికి ఇది తలకిందులుగా ఉందని గమనించారా? బెల్టు ముందు కొంటాం, వ్యాయామం చివర గుర్తొస్తుంది.

యోగా సంగతి కూడా చెప్పాలి. 2017లో అమెరికాలోని బోస్టన్‌లో 320 మంది మీద ఒక పరిశోధన జరిగింది. వాళ్లలో ఎక్కువమంది పేదవాళ్లు, పాత నడుము నొప్పితో ఉన్నవాళ్లు. పన్నెండు వారాల తర్వాత యోగా చేసినవాళ్లకు, ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లకు దాదాపు ఒకే మేలు కనిపించింది. అయితే భయంతో ఉన్న మనిషికి యోగా నేర్పేటప్పుడు జాగ్రత్త కావాలి. కళ్లు మూసుకోమంటే కొందరికి పాత దృశ్యమే కనపడుతుంది. కళ్లు తెరిచే చేయనివ్వాలి. వెనక నుంచి వచ్చి ముట్టుకోకూడదు. వద్దంటే ఆపేయాలి. గాలి వదలడం, పీల్చడం కంటే కాస్త ఎక్కువసేపు ఉండేలా మెల్లగా చేయడం ఒక్కటి నేర్పినా గుండె దడ తగ్గుతుంది.

కదలికలోనే ఇంకో కిటుకు ఉంది. నొప్పి తక్కువగా ఉన్న రోజు ఎడాపెడా పనిచేసి, మర్నాడు మంచం పట్టడం మన అలవాటు. అలా కాకుండా బాగున్న రోజునా బాగాలేని రోజునా పనిని ముక్కలు చేసుకోవాలి. కొంతసేపు వంగి కోత, నొప్పి మొదలుకాకముందే లేచి నిలబడటం, నాలుగడుగులు నడవడం, మళ్లీ కోత. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట ఇది చెప్పినంత తేలిక కాదు. తోట యజమానులు ఈ మాట వింటుంటే మీకొక విన్నపం. మధ్యలో లేచి నిలబడిన కూలీని బద్ధకస్తుడనకండి. ఆ మనిషి రేపు కూడా పనిలోకి రావాలనే లేచాడు.

రెండోది మనసుకు చేసే చికిత్స. జరిగిన ఘోరాన్ని నమ్మకమున్న నిపుణుడి దగ్గర, క్రమపద్ధతిలో, కొద్దికొద్దిగా తలచుకుని దాని కోరలు తీయడం ఒక పద్ధతి. కళ్లను అటూ ఇటూ కదుపుతూ ఆ జ్ఞాపకాన్ని మళ్లీ అమర్చుకునే ఈఎండీఆర్ మరో పద్ధతి. ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే పీటీఎస్‌డీకి సిఫారసు చేసింది. ఘోరం జరిగిన మొదటి నెలలో ఆ భయానికి నిద్రబిళ్లల జాతి మందులు ఇవ్వొద్దని కూడా అప్పుడే చెప్పింది. ఇంకో మాట. వరద తగ్గిన మర్నాడే బాధితుల్ని వరసగా కూర్చోబెట్టి ‘ఏం జరిగిందో అంతా చెప్పండి’ అని తవ్వడం మేలు చేయదు. మొదట కావలసింది తిండి, పొడి బట్టలు, తప్పిపోయినవాళ్ల కబురు, పక్కన ఒక తోడు. చెప్పాలనిపించినప్పుడు వాళ్లే చెబుతారు. అప్పుడు వినాలి.

మూడోది మందు. మందులు వద్దని నేననడం లేదు. దిగులుకు వాడే మందుల్లో కొన్ని నరాల నొప్పిని కూడా తగ్గిస్తాయి, కొన్ని పీటీఎస్‌డీకి పనిచేస్తాయి. అవి పిచ్చి మందులు కావు. డాక్టరు రాస్తే భయపడకండి, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపకండి. క్యాన్సర్ లాంటి జబ్బుల్లో మార్ఫిన్ అవసరమైతే దాన్ని అందకుండా చేయడం క్రూరత్వం. ఆ ఇబ్బంది తగ్గించడానికే 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించారు. అదే జాతి మందుల్ని పాత నడుము నొప్పులకు విచ్చలవిడిగా రాసి అమెరికా ఎంత నష్టపోయిందో లోకమంతా చూసింది. ఆ దెబ్బ తిన్నాకే, 2016లో చేసిన చట్టంతో, అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రులు యోగా, ధ్యానం, ఆక్యుపంక్చర్, మానసిక చికిత్సలను నొప్పి వైద్యంలో కలుపుకోవడం పెంచాయి.

కలిపి చేసే వైద్యానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదని చెప్పడానికి ఒక్కటి దగ్గరగా చూపిస్తాను. మందుపాతరలో కాలు పోయినవాళ్లలో చాలామందికి లేని కాలు నొప్పి పెడుతుంది. వేళ్లు మెలితిరిగినట్టు, పాదం బిగిసినట్టు ఉంటుంది. అక్కడ కాలే లేదు కదా, ఎక్కడ రాస్తారు మందు? తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్ అమెరికాలో 1990లలో ఒక ఉపాయం కనిపెట్టాడు. నిలువుటద్దాన్ని రెండు కాళ్ల మధ్య నిలబెడతారు. ఉన్న కాలు అద్దంలో కనిపిస్తుంది. చూసే మనిషికి లేని కాలు మళ్లీ వచ్చినట్టుంటుంది. ఉన్న పాదాన్ని మెల్లగా కదిలిస్తే, అద్దంలో పోయిన పాదమూ కదులుతుంది. బిగిసిన వేళ్లు విచ్చుకుంటున్నట్టు మెదడుకు తోస్తుంది. 2007లో అమెరికా సైనిక ఆసుపత్రిలో ఇరవై ఇద్దరి మీద పరీక్షించారు. రోజుకు పదిహేను నిమిషాలు, నాలుగు వారాలు. అద్దంతో సాధన చేసినవాళ్లందరికీ నొప్పి తగ్గింది. చిన్న పరిశోధనే, అందరికీ ఇంతే పనిచేస్తుందని చెప్పలేం. కొందరికి మొదటిసారి అద్దంలో చూడగానే ఏడుపు ముంచుకొస్తుంది, పేలుడు గుర్తొస్తుంది. అందుకే పక్కన ఫిజియోథెరపిస్టుతోపాటు మనసు సంగతి తెలిసిన మనిషీ ఉండాలి. ఖర్చు మాత్రం ఒక అద్దం.

నాలుగోది మనుషులు. కోయ ఊళ్లో ఒంట్లో బాగాలేకపోతే ముందు వడ్డె దగ్గరికి పోతారు. దాన్ని వెక్కిరిస్తే ఆ మనిషి రెండోసారి ఆసుపత్రికి రాడు. వడ్డె చేసే పూజ, ఊరంతా కూడి ఆడే రేల ఆట, పండగ కొలుపు మనిషిని మళ్లీ నలుగురిలో కలుపుతాయి. అది జబ్బు నయం చేస్తుందని నేను చెప్పను. ఒంటరితనం తగ్గితే మిగతా వైద్యం ఒంటబడుతుందని మాత్రం చెబుతాను. పైపూతగా నూనె మర్దనకు అభ్యంతరం లేదు. వాతలు పెట్టడం, ఏముందో తెలియని పొడులు మింగడం మాత్రం వద్దు. వడ్డెనే కలుపుకుని, ‘సాయంత్రం జ్వరమున్నా, కాళ్లు పడిపోయినా ముందు మా దగ్గరికి పంపు పెద్దయ్యా’ అని చెప్పుకునే ఆరోగ్య కార్యకర్తకే ఆ ఊళ్లో మాట చెల్లుతుంది.

ఇదంతా బాగానే ఉంది, మనకు అంతమంది నిపుణులేరీ అంటారు. నిజమే, మనోవైద్యులు తక్కువ, చర్ల అడవిలో అసలే తక్కువ. అయితే గోవాలో విక్రమ్ పటేల్ బృందం మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దిగులు, ఆందోళనలకు సలహాదారులుగా కూర్చోబెట్టింది. ప్రభుత్వ కేంద్రాల్లో దానివల్ల ఎక్కువమంది కోలుకున్నారని 2010లో పరిశోధన వచ్చింది. ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మనోవైద్యుడు ఊళ్లోని అమ్మమ్మలకే శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బల్ల వేసి కూర్చోబెట్టాడు. బాధ చెప్పుకోవడానికి జనం ఆ బల్ల దగ్గరికి వచ్చారు. మన ఆశా కార్యకర్తలు వాళ్లకు ఏం తీసిపోయారు? ముఖ్యంగా కోయ మాట వచ్చినవాళ్లు. భయం తల్లిభాషలోనే బయటికి వస్తుంది. దుబాసీగా సొంత పిల్లాణ్ణి కూర్చోబెట్టి తల్లి చేత ఆ రాత్రి సంగతులు చెప్పించకూడదు.

ముక్కలు మన దగ్గరే ఉన్నాయి. 2006 నుంచి కొన్నేళ్లపాటు ఎంఎస్ఎఫ్ అనే అంతర్జాతీయ వైద్య సంస్థ ఈ సరిహద్దులో సంచార వైద్యశాలలు నడిపింది. అంటే అడవిలోకి వైద్యం నడిచి వెళ్లగలదని రుజువైంది. తెలంగాణలో ‘ఆలన’ పేరుతో మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి నొప్పి తగ్గించే బృందాలున్నాయి. భద్రాచలంలో ఏరియా ఆసుపత్రి ఉంది, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2022 అక్టోబర్ 10న మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా, పగలైనా రాత్రైనా, తెలుగులో మాట్లాడతారు. ఈ ముక్కల్ని కలిపి కుట్టేవాళ్లే కావాలి. వారంలో ఒక్క రోజు ఏరియా ఆసుపత్రిలో డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మనోవైద్య సలహాదారు, కోయ మాట వచ్చిన కార్యకర్త ఒకే గదిలో కూర్చుంటే చాలు. చర్ల నుంచి వచ్చినవాళ్లకు నాలుగు బస్సు చార్జీలు ఒకటవుతాయి.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ప్రమాదం దాటిపోయిన మనిషికి ‘అయిపోయింది, ఇక భయం లేదు’ అని చెప్పి వైద్యం చేయవచ్చు. గుడిసె రేపు ఉంటుందో లేదో తెలియని గొత్తికోయ కుటుంబానికి ఆ మాట ఎలా చెబుతాం? ఇటు వచ్చాక వాళ్లకు భూమి కాగితాలు లేవు, చాలామందికి కుల ధ్రువపత్రం లేదు. వాళ్ల భయంలో కొంత జబ్బు, కొంత ఉన్న మాట. మొదటిదానికి వైద్యుడు చాలు. రెండోదానికి రెవెన్యూ, అటవీ, గిరిజన సంక్షేమ శాఖలు కూడా ఆ వైద్యంలో భాగం కావాలి. రేషన్ కార్డు, తాగునీటి బోరు, పిల్లలకు బడి కూడా నిద్రపట్టించే మందులే.

చివరగా ఇంట్లోవాళ్లకు నాలుగు మాటలు. నొప్పి అంటే నమ్మండి. పని మాన్పించి మంచానికి కట్టేయకండి, చేయగలిగిన పని చేయనివ్వండి. ఉలిక్కిపడితే నవ్వకండి, నిద్రలో అరిస్తే గట్టిగా కుదపకుండా పేరు పెట్టి మెల్లగా పిలవండి. సారా తాగితే నిద్ర పడుతుందనుకుంటారు, అది నిద్రనూ చెడగొడుతుంది, నొప్పినీ పెంచుతుంది. చావాలనిపిస్తోందని ఎవరన్నా అంటే ఊరకే అన్నారనుకోవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు అందకుండా పెట్టండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి లేదా 14416కు ఫోన్ చేయండి.

ఇక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్న నా వైద్య మిత్రులకు, నర్సులకు ఒకే విన్నపం. పాత నొప్పితో ఎవరొచ్చినా ‘ఎక్కడ నొప్పి’ అని అడిగిన నోటితోనే ‘రాత్రి నిద్ర పడుతోందా’ అని కూడా అడగండి. జవాబును అదే ఓపీ చీటీ మీద రాయండి, తర్వాత చూసే డాక్టరుకు కనపడాలి. శ్రోతలారా, వాళ్లు మరచిపోతే మీరే గుర్తుచేయండి. ‘నొప్పి రాశారు, నిద్ర కూడా రాయండి’ అని అడగడానికి మొహమాటం వద్దు. అది మీ హక్కు.